అఖ్తర్ బీ చేనుకు పావని నంబరు

పోయిన వారం మనం జమ్మలమడుగులో, తాలూకాఫీసు వెనక వీధిలో, పావని నెట్ సెంటరు గుమ్మం దగ్గర ఆగాం. మూడు మెట్లెక్కిన అలసటతో, మోకాలు పట్టుకుని, అఖ్తర్ బీ ఆ గుమ్మంలో నిలబడి ఉంది. ఎనిమిది నెలలుగా ఆమె ఆ మెట్లెక్కలేదు.

కథను ఇవాళే చేతిలోకి తీసుకున్నవారికి వెనకటి సంగతి కొంత తెలియాలి. భూమి రికార్డులు కంప్యూటర్లకు ఎక్కిన తొలి రోజుల్లో ప్రతి ఖాతాకూ ఒక ఫోను నంబరు జతచేయాలన్నారు. ఫోను లేని ముసలివాళ్లు, భర్తలు పోయిన ఆడవాళ్లు పాసుపుస్తకాలు పట్టుకుని పావని దగ్గరికి వచ్చారు. నంబరు అడిగిన గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు కదలదు. పావని ఆ గడిలో తన నంబరు కొట్టింది. ఒకరికి కొట్టింది, ఇద్దరికి కొట్టింది, చివరకు అరవైముగ్గురికి కొట్టింది. ఆ అరవైమూడు పొలాల మీద ఎప్పుడు ఏ కదలిక వచ్చినా కబురు ముందు పావని ఫోనుకే వచ్చేది. ఆమె మనిషిని పంపి వాళ్లను పిలిపించేది. వీధి దీన్ని మంచితనమంది. పావనీ అదే అనుకుంది.

ఆ అరవైమూడింటిలో ఒకటి అఖ్తర్ బీ చేను. ముద్దనూరు రోడ్డు పక్కన రెండెకరాల నలభై సెంట్ల నల్లరేగడి.

సెప్టెంబరు ఎనిమిదో తేదీన ఆ చేను గురించి పావని ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. ఆ ఖాతాలో పేరు మార్చమని దరఖాస్తు పడిందనీ, అభ్యంతరం ఉంటే ముప్పయ్యో రోజు సాయంత్రం ఐదు గంటల లోపు తెలపాలనీ దాని సారాంశం. పావని దాన్ని రెండుసార్లు చదివింది. తలెత్తితే, వీధికి అవతల, కొత్తగా వెలసిన ఆర్షియా నెట్ సెంటరు ముందు బల్ల మీద కూర్చుని అఖ్తర్ బీ టీ తాగుతోంది. ఆ గ్లాసు ఆర్షియా చేతుల్లోంచి అందుకుని, ఏదో మాటకు నవ్వుతోంది. ఆమెకు ఆర్షియా ఉండాది గదా, ఆమే చూసుకుంటాదిలే అనుకుని పావని ఫోను బోర్లించింది.

ఆమె ఎవరి గడపా దాటలేదు. ఎవరి కాగితమూ దిద్దలేదు. ఊరుకుంది, అంతే. లోకంలో జరిగే అన్యాయాల్లో సగం ఇట్లా ఊరుకున్నవాళ్ల చేతుల మీదుగానే జరుగుతాయి. వాళ్లను ఏ కోర్టూ పిలవదు.

ఇవాళ అక్టోబరు ఎనిమిది. ముప్పయ్యో రోజు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

"రా పెద్దమ్మా, కూచో" అంది పావని. కుర్చీలోంచి లేవలేదు. "ఏంది, దోవ తప్పినట్టుండావే?"

అఖ్తర్ బీ ఆ మాటలోని ముల్లును పట్టించుకోలేదు. గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. బొంతలు కుట్టి బతికిన చేతులు; సూది నలభై ఏళ్లు తొలిచిన వేళ్లు.

"ఆర్షియా అంగడికి తాళమేసుండాది. ప్రొద్దుటూరు పోయిందంట, చుట్టాల పెండ్లికి గుడ్డలు తీసేకి. అందుకే నీ కాడికొచ్చినా."

అందుకే. పావని ఆ మాటను లోపలికి మింగింది.

ఆర్షియా ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల కాదు. నాలుగేళ్లు ఈ దుకాణంలోనే, ఇప్పుడు అఖ్తర్ బీ కూర్చున్న ఆ స్టూలు మీదే కూర్చుని పని నేర్చుకుంది. అడంగల్ ఎట్లా తీయాలో, సర్వే నంబరు తప్పు పడితే అర్జీ ఎట్లా పెట్టాలో, వేలిముద్ర పడని ముసలివాళ్ల చేత ఏ వేలు పెట్టించాలో, అన్నీ పావని చెప్పినవే. ఫిబ్రవరిలో ఎదురుగా సొంత దుకాణం పెట్టుకుంది. నేలకు సమంగా ఉన్న దుకాణం, అద్దాల తలుపు. వచ్చినవాళ్లందరితో "పావనక్క దగ్గర నేర్చుకున్నా" అని చెప్పుకునేది. తిట్టినా పావనికి ఇంత మండేది కాదు. గురువును పొగుడుతూ గురువు దగ్గరి మనుషులను ఒక్కొక్కరినే తీసుకుపోయే పిల్లను ఏమని నిందించాలో ఆమెకు తెలియలేదు.

ఫిబ్రవరిలోనే పావని తన కంప్యూటరును వీధివైపు తిప్పి పెట్టుకుంది. వెలుతురు కోసమని భర్త రాజశేఖర్‌తో చెప్పింది. అప్పటి నుంచి తెరకు పైన, ఆర్షియా దుకాణంలోకి ఎవరు పోతున్నారో, ఎవరు వస్తున్నారో ఆమెకు కనబడుతూనే ఉంది. పోయినవాళ్లందరి పేర్లూ ఆమెకు కంఠతా వచ్చు. కానీ వాళ్లందరూ ఒక ఎత్తు, అఖ్తర్ బీ ఒక్కతే ఒక ఎత్తు. పావని తల్లి పోయిన ఏడాది వారంపాటు అన్నం వండి తెచ్చిన మనిషి అఖ్తర్ బీ. ప్రతి రంజానుకూ షీర్ ఖుర్మా డబ్బా మొదట ఈ మూడు మెట్లే ఎక్కేది. ఈ ఏడు ఆ డబ్బా ముందు ఎదురు దుకాణానికి పోయి, తర్వాత ఎవరో పిల్లాడి చేతుల్లో ఇక్కడికి వచ్చింది. పావని మూత తీసి చూసి, చల్లారిపోయిందని పక్కన పెట్టేసింది. వేడి ఇంకా ఉంది. అది ఆమెకూ తెలుసు.

ఆ మంటలోనే కూతురు వర్షితను జూన్‌లో పులివెందుల పంపింది. బీకాం చేసి ఇంట్లో ఉన్న పిల్ల, ఒక దస్తావేజు లేఖరి దగ్గర పనికి కుదిరింది. "ఆర్షియా నీకంటే రెండేండ్లు పెద్దది, అంతే గదా. ఆ పిల్ల చేసే పని నువ్వు చేయలేవా?" అని సాగనంపింది. వర్షిత రోజూ ఫోను చేసేది. పని గురించి సందేహాలు అడిగేది, ఫోను లేనివాళ్ల అర్జీల్లో తల్లి నంబరే పెట్టి, ఆ ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు చదివించుకునేది. రోజురోజుకూ పని పెరుగుతోందని చెప్పినప్పుడల్లా పావని ఎదురు దుకాణం వైపు ఒకసారి చూసేది.

"చెప్పు పెద్దమ్మా. ఏం పని?"

"ఆదినారాయణ వచ్చి చెప్పిపోయినాడు." ఆదినారాయణ ఆమె చేను కౌలుకు చేసుకునే రైతు. "పొద్దున శనగకు దున్నుదామని పోతే గట్టు మింద ఎవురో ఇద్దురు నిలబడుకోని ఫోన్లో ఫోటోలు తీస్తాండ్రంట. ఈ తూరి నువ్వు దున్నొద్దు, చేను మారిపోయింది అనిరంట. యాడికి మారిపోయింది? చేనుకేమన్నా కాళ్లుండాయా? చూసి చెప్పు."

పావని ఖాతా నంబరు కొట్టింది. పాసుపుస్తకం చూడలేదు, అరవైమూడు నంబర్లూ ఆమె నోటికి వచ్చు. నెల రోజులుగా తెలిసిన సంగతిని ఇప్పుడే తెలుసుకుంటున్నట్టు కనబడాలి గనక కళ్లద్దాలు సవరించుకుంది, తెరవైపు వంగింది.

"పేరు మార్పుకు దరఖాస్తు పడింది" అంది. "అబ్దుల్ సలాం అని. పులివెందుల."

"మా మరిది కొడుకు." అఖ్తర్ బీ గొంతు మారలేదు. "టైర్ల అంగడి పెట్టుకోనుండాడు. మా ఆయన పోయిన దినం వచ్చినోడు మళ్లా యానాడూ రాలేదు. వానికి నా చేనెందుకు?"

"హక్కు వదులుకుంటాండానని నువ్వు అంగీకారపత్రం ఇచ్చినట్టుండాది."

"నేనా? నేను పులివెందుల పోయే బస్సెక్కి ఎన్నేండ్లయిందో నీకు తెల్దా?"

పావని ఆ పత్రం తెరిచింది. ఇంతవరకు తెరవలేదు. మెసేజీ చదివి బోర్లించిన మనిషి అంతకుమించి చూడలేదు. చూస్తే ఊరుకోవడం కష్టమవుతుందని ఆమెకు లోలోపల తెలుసేమో. టైపు చేసిన ఒక పుట. కింద అఖ్తర్ బీ పేరు, పేరు పక్కన కుడి బొటనవేలి ముద్ర. నిండుగా పడింది. గీతలన్నీ ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.

పావని ఆ ముద్రను పెద్దది చేసి చూసింది.

అఖ్తర్ బీ కుడి బొటనవేలికి గీతలు లేవు. సూది వాటిని ఏనాడో చెరిపేసింది. రేషనుకూ పింఛనుకూ ఆమె వేలు పడక యంత్రం వెనక్కి కొట్టిన రోజుల్లో, ఒక్కొక్క వేలే పెట్టించి చూసి, ఎడమచేతి ఉంగరపు వేలు ఒక్కటే పడుతుందని కనిపెట్టింది పావని. ఆ సంగతి తెలిసిన రెండో మనిషి ఆర్షియా. ఈ ముద్ర వేయించిన వాళ్లకు అది తెలియదు.

"ఇది నీ వేలు కాదు పెద్దమ్మా."

"ఎట్లయితాది, నేను పెట్టందే?" అని అఖ్తర్ బీ కాసేపు ఆలోచించింది. ఆమె తర్వాతి ప్రశ్న ఎటు వస్తుందో పావనికి ముందే తెలిసింది. "ఇట్లాంటివి జరిగితే ఫోనుకు కబురొస్తాదని నువ్వే చెప్తివి గదా. నీకేం రాలేదా?"

"రాలేదు పెద్దమ్మా."

"రాకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అంది అఖ్తర్ బీ.

అంత సులువుగా నమ్మింది. అనుమానించి ఉంటే పావనికి కొంత సుఖంగా ఉండేది, ఎదురు తిరిగి నాలుగు మాటలు అనేది. నమ్మినవాళ్ల ముందు ఎదురు తిరగడానికి దారి ఉండదు. ఆ దారి దొరక్క ఆమె ఇంకో మెట్టు కిందికి దిగింది.

"నీ ఖాతాకు నంబరు మారిపోయిందేమో. ఆ అంగట్లోనే గదా ఎనిమిది నెల్లుగా నీ పనులన్నీ. ఆర్షియా ఏమన్నా మార్చిందేమో అడుగు."

అన్న మరుక్షణం ఆ మాట నిజమైతే బాగుండునని పావనికి అనిపించింది. ఈ దొంగ కాగితం ఆ పిల్ల చేతుల మీదుగా పోయి ఉంటే, వీధిలో అందరి ముందు అది తేలితే, అద్దాల తలుపు ముందు జనం గుమిగూడితే! ఒక్క క్షణం ఆమె ఆ దృశ్యాన్ని తనివితీరా చూసుకుంది. ఆ క్షణంలో అఖ్తర్ బీ చేను ఆమెకు గుర్తు లేదు.

రెండుంబావుకు ప్రొద్దుటూరు ఆటో వీధిలో ఆగింది. ఆర్షియా రెండు చేతులా గుడ్డల కవర్లతో దిగింది. అఖ్తర్ బీ గుమ్మంలోకి వచ్చి కేకేసింది.

"ఆర్షియా, ఇట్రా."

ఆ పిల్ల కవర్లతోనే మూడు మెట్లూ ఎక్కి వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత ఆమె కూడా. గుమ్మంలో చెప్పులు విడిచి, పాత అలవాటుగా తలుపు పక్కకు జరిపి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు పావని ముఖం చూసింది.

"నా చేనుకు నంబరు మార్చినావా నువ్వు?" అని అడిగింది అఖ్తర్ బీ.

"లేదు నానీ. ఉగాదప్పుడు మారుస్తానంటి గదా, నువ్వే వద్దంటివి."

"అదేలే. నాకు గ్యాపకముండాది. పావని అడిగింది గదాని అడిగినా." అఖ్తర్ బీ పావని వైపు తిరిగింది. "ఈ పిల్ల అనె, నానీ, నా నంబరు పెడతా, నేనెట్లా నీ పక్కనే ఉంటా గదా అనె. వద్దుమ్మా అంటి. పింఛనుకు పెట్టుకో, గ్యాసుకు పెట్టుకో, చేనుకు మాత్రం పావని నంబరే ఉండనీ అంటి. ఆ నంబరుంటేనే నాకు కన్ను మూతపడతాది."

దుకాణంలో జిరాక్సు యంత్రం చప్పుడు చేస్తూ ఉంది. పావని దాన్ని ఆపేసింది.

"మరి ఆ బల్ల మీదెందుకు కూచుంటాండావు?" ఎనిమిది నెలల మాట ఒక్కసారి బయటికొచ్చింది. "నా అంగడి నీకేం చెడిపోయింది? ఈ మెట్లు పదేండ్లు ఎక్కిన దానివే గదా. నా కండ్ల ముందర రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడ కూచోని టీ తాగతాండావు. నేనేం చేస్తి నీకు?"

అఖ్తర్ బీ ఆమె ముఖంలోకి విచిత్రంగా చూసింది, ఇంత పెద్ద మనిషి ఇంత చిన్న ప్రశ్న ఇన్నాళ్లు దాచుకుందా అన్నట్టు.

"నీకు ఇంట్లో రాజశేఖర్ ఉండాడు. నువ్వు గట్టిగా పలికితే వీధి చివర కుక్క కూడా లేసి పోతాది. ఈ పిల్లకెవురుండారు? ఆడపిల్ల ఒంటిగా అంగడి పెట్టింది, వచ్చేపోయే మొగోళ్లు ఎట్లాంటోళ్లో. వాళ్ల నాయన కువైట్ నుంచి ఫోన్ చేసి, ఖాలా, నువ్వు ఆడ కూచుంటే నాకు ధైర్యం అనె. బొంత యాడైనా కుట్టొచ్చని ఆడ కూచోని కుడతాండా. కాపలా కూచున్నా. పని చేయించుకునేకి కాదు."

"ఆ మాట నాతో చెప్పొచ్చు గదా."

"నువ్వు అడిగితే గదా. నన్ను చూస్తే మొగం తిప్పుకొంటివి. పనెక్కువైంది పాపం అనుకొంటి."

ఆర్షియా అప్పటికే కవర్లు గోడకు ఆనించి, తెరమీద తెరిచి ఉన్న దరఖాస్తును కిందికి జరుపుతూ చదువుతోంది. ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. పావని ఓరగా చూసింది. నోటీసు పంపిన తేదీ సెప్టెంబరు ఎనిమిది. కింద చివరి నాలుగంకెలతో పావని నంబరు. దాని పక్కన, మెసేజీ అందినట్టు ఆకుపచ్చ గుర్తు.

ఆర్షియా ఆ వరుసను చూసింది. పావని చూసిందని కూడా చూసింది. తెరను గబగబా కిందికి జరిపేసింది.

"టైముండాది నానీ" అంది అఖ్తర్ బీతో. "ఐదు వరకూ అభ్యంతరం పెట్టొచ్చు."

ఆ పిల్ల కప్పిపుచ్చింది. వీధిలో అందరి ముందు తేలాలని పావని ఎవరి గురించి కోరుకుందో, ఆ పిల్లే పావని తప్పును రెండు వేళ్లతో పక్కకు జరిపి, ఎవరికీ కనబడకుండా చేసింది. ఇంతకాలం ఆర్షియా ఆమె దగ్గరి నుంచి తీసుకుపోయినవన్నీ పావని భరించగలిగింది. ఇప్పుడు ఇచ్చినదాన్ని భరించలేకపోయింది.

"పైకి జరుపు" అంది.

"అక్కా, వద్దులే."

"జరుపు అంటాండా." పావని అఖ్తర్ బీ వైపు తిరిగింది. "నాకు మెసేజీ వచ్చింది పెద్దమ్మా. రాలేదని అబద్ధం చెప్పినా."

అఖ్తర్ బీ మళ్లీ స్టూలు మీద కూర్చుని, ఒళ్లోని సంచి సర్దుకుంది.

"చదివినావా?"

"చదివినా."

"ఎన్ని దినాలైంది?"

"ముప్పై."

"నేను ఆ బల్ల మీద కూచోనుంటే, నన్ను చూస్తానే ఉన్నావు గదా ముప్పై దినాలు."

"ఉన్నా."

ముసలామె లెక్క పెడుతున్నట్టు వేళ్లు ముడిచి విప్పింది. ఆమె కళ్లల్లో నీళ్లు లేవు. అవి వచ్చి ఉంటే పావని కాళ్ల మీద పడేది, ఇద్దరూ ఏడ్చేవాళ్లు, అంతటితో కొంత తీరిపోయేది. అఖ్తర్ బీ ఆ సులువు ఇవ్వలేదు.

"ఐదు గంటలకు ఇంకెంత సేపుండాది?"

"రెండు గంటల ఇరవై నిమిషాలు" అంది ఆర్షియా.

"అయితే ఏడ్సేకి టైము లేదు. ఇద్దురూ కూచోని రాయండి. నీ సంగతి" అని పావని వైపు చూసి, "ఆ తర్వాత మాట్లాడుకొందాం" అంది.

ఆర్షియా కీబోర్డు ముందు కూర్చుంది. పావని నిలబడి చెప్పింది. ఇరవై ఏళ్లుగా ఇతరుల అర్జీలు రాసిన మనిషి. మాటలు వరుసగా వచ్చాయి. "సదరు అంగీకారపత్రముపై ఉన్న బొటనవేలి ముద్ర నాది కాదు. వృత్తిరీత్యా నా కుడి బొటనవేలి గీతలు పూర్తిగా అరిగిపోయినవి. అవసరమైన యెడల పరీక్షకు సిద్ధముగా ఉన్నాను." పాత పింఛను రసీదుల్లో ఉంగరపు వేలి ముద్ర నమోదైన కాగితాలను పావని బీరువాలోంచి వెతికి తెచ్చింది. వాటినీ జతచేశారు. సర్వరు మధ్యలో రెండుసార్లు తిరుగుతూ ఉండిపోయింది. తెరమీద గుండ్రటి గుర్తు తిరిగినంతసేపూ ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. మళ్లీ మొదటి నుంచి ఎక్కించారు. అఖ్తర్ బీ ఎడమచేతి ఉంగరపు వేలు తడిగుడ్డతో తుడిచి యంత్రం మీద పెట్టింది పావనే. మొదటిసారికే పడింది.

"దరఖాస్తు పెట్టినోళ్లకు కూడా ఇప్పుడొక మెసేజీ పోతాది" అంది ఆర్షియా. "మనం అభ్యంతరం మొదలుపెట్టినామని."

"పోనీ" అంది అఖ్తర్ బీ.

నాలుగూ ముప్పైఅయిదుకు చివరి పుట వచ్చింది. ఆర్షియా చదవడం మొదలుపెట్టి ఆగిపోయింది.

"అక్కా, ఆ కాగితమొక్కటే కాదు. అంగీకారానికి ఓటీపీ కూడా కొట్టినారు. సెప్టెంబరు ఆరో తేదీ, పొద్దున పదకొండూ ఇరవై." ఆమె గొంతు తగ్గించింది. "నానీ నంబరుకు, అంటే నీ ఫోనుకు వచ్చింటాది ఆ ఓటీపీ."

"నా ఫోను నా చేతుల్లోనే ఉంటాది. ఎవురికి చెప్తా?"

"ఈడ గడి ఉండాదక్కా. ఓటీపీని ఎవరితోనైనా పంచుకున్నారా, అట్లయితే వారి పేరు రాయమంటాది."

"ఖాళీగా వదిలేయ్."

"వదిలితే ముందుకు పోదు."

ఖాళీ గడి ఉంటే కంప్యూటరు కదలదని ఈ వీధిలో అందరికంటే ముందు తెలిసిన మనిషి పావని. ఆమె ఫోను తీసుకుని సెప్టెంబరు మెసేజీలు వెనక్కి తిప్పింది. ఆరో తేదీ. పదకొండూ ఇరవై. ఆరంకెలు. పైన అఖ్తర్ బీ ఖాతా నంబరు స్పష్టంగా ఉంది. ఆ రోజు తాను దాన్ని ఎట్లా చూడలేదో మొదట ఆమెకు అర్థం కాలేదు.

తర్వాత గుర్తొచ్చింది.

ఆరో తేదీ ఆర్షియా దుకాణానికి కలర్ జిరాక్సు యంత్రం దిగిన రోజు. లారీ వీధికి అడ్డంగా నిలబడింది. నలుగురు దాన్ని లోపలికి మోస్తున్నారు. అఖ్తర్ బీ తలుపు పట్టుకుని నిలబడి, నిదానం, నిదానం అని చెబుతోంది. పావని కళ్లు ఆ తలుపు మీదే ఉన్నాయి. అప్పుడు వర్షిత ఫోను చేసింది. "అమ్మా, నీకు ఆరంకెలొచ్చింటాయి చూడు, బిర్నే చెప్పు" అంది. "ఎవురిదే?" అని పావని అడిగింది, చూపు తిప్పకుండానే. "ఎవురో ఒకరిదిలేమ్మా. పెద్ద పార్టీ. ఈ పని అయితే మా సారు నన్నే సొంతంగా చేసుకోమంటాడు." పావని ఆరంకెలూ చదివింది. చదివి, ఎదురుగా యంత్రం లోపలికి పోతుంటే, ఆ పిల్లకు కలర్ జిరాక్సు వస్తే నా కూతురికి పెద్ద పార్టీ వచ్చిందిలే అనుకుంది. ఆ రోజంతా ఆమె మనసు తేలిగ్గా ఉంది.

"గుర్తొచ్చిందా అక్కా?" అంది ఆర్షియా.

నాలుగూ నలభై అయిదు. గడిలో గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఏ పేరైనా రాయొచ్చు. ఎవరో గుర్తు తెలియని వ్యక్తి ఫోను చేశాడని రాయొచ్చు. ఆ మాటతో చేను అఖ్తర్ బీకి దక్కుతుంది, వర్షిత పేరు ఎక్కడా రాదు. ఆర్షియా అడగదు. మధ్యాహ్నం ఒకసారి కప్పిన పిల్ల, ఇంకోసారీ కప్పుతుంది. పావని నోరు తెరిచింది.

చేతిలోని ఫోను మోగింది.

తెరమీది పేరును ఆర్షియా చూసింది. చూసి, కళ్లు కీబోర్డు మీదికి దించుకుంది. అఖ్తర్ బీకి చదువు రాదు.

"ఎవురు?" అని అడిగింది ఆమె.

ఒక అబద్ధం ఇవాళ అయిపోయింది. అది ఎంతసేపు నిలిచిందో పావని చూసింది.

"మా వర్షిత" అంది.

ఫోనును పాసుపుస్తకానికీ కీబోర్డుకూ మధ్య బల్ల మీద పెట్టి, అందరికీ వినబడే మీట నొక్కింది. అవతల బండ్ల చప్పుడు. ఆ చప్పుడులో ఎవరో మగమనిషి, అడుగు, అడుగు అని తొందరపెడుతున్నాడు. ఆ గొంతు మరిది కొడుకుదని గుర్తుపట్టిన అఖ్తర్ బీ సంచిని గట్టిగా పట్టుకుంది.

"అమ్మా" అంది వర్షిత. "పక్కన ఎవురన్నా ఉండారా?"